గింజ నుంచి గింజ దాకా పెరటి మిరప

సోలాపూర్ బజారులో మిర్చీ, బళ్లారి సంతలో మెణసినకాయి, హోసూరులో మిళగాయ్, బరంపురంలో లంకా. వీధిలో ఏ పేరుతో కొన్నా తెలుగువారి వంటింట్లోకి వచ్చేసరికి అది మిరపకాయే. యానాంలోనైతే వీధిలోనూ మిరపకాయే. పప్పు తాలింపుకు, రోటి పచ్చడికి, కొరివికారానికి, పెరుగన్నంలోకి నంజుకునే చల్ల మిరపకాయలకు ఇది లేకుండా మనకు రోజు గడవదు. అయినా కొనుక్కోవడమే తప్ప పండించుకునే ఇళ్లు తక్కువ. నాలుగైదు మొక్కలుంటే చాలు, చిన్న కుటుంబానికి పచ్చిమిర్చి చాలా వరకు ఇంట్లోనే దొరుకుతుంది. పెరడు లేనివారికి డాబా మీద నాలుగు కుండీలు సరిపోతాయి.

బడి తోటకు కూడా ఇది అనువైన మొక్క. జూన్‌లో గింజ వేస్తే అక్టోబరుకు పచ్చిమిర్చి, సంక్రాంతికి ఎండుమిర్చి చేతికి వస్తాయి. ఒక మొక్క జీవితమంతా బడి ఏడాది లోపలే పిల్లల కళ్ల ముందు జరిగిపోతుంది. కానీ చాలా ఇళ్లలో ఈ ప్రయాణం రెండు చోట్ల ఆగిపోతుంది. ఆకు ముడుచుకోగానే కొందరు మొక్కను పీకేస్తారు, కొందరు దుకాణంలో ఏది ఇస్తే ఆ పురుగుమందు తెచ్చి కొట్టేస్తారు. అది దాటి కాయలు కోసుకున్నవారు కూడా గింజ దాచుకోరు. వచ్చే ఏడాది మళ్లీ పొట్లం కొనాల్సిందే. ఈ రెండు చోట్లా ఆగకుండా గింజ నుంచి మళ్లీ గింజ దాకా ఎలా వెళ్లాలో చూద్దాం.

పేరు మిరియానిది, పుట్టిల్లు మెక్సికోది

మిరప మన దేశంలో పుట్టిన మొక్క కాదు. మెక్సికో ప్రాంతంలో వేల ఏళ్ల క్రితమే దీన్ని సాగుచేశారు. 1492లో కొలంబస్ అట్లాంటిక్ సముద్రం దాటాకే మిగతా ప్రపంచానికి దీని సంగతి తెలిసింది. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరిన తర్వాత, పోర్చుగీసు ఓడల రాకపోకలతో మన పడమటి తీరానికి చేరింది. అంతకు ముందు మన వంటల్లో ఘాటంటే మిరియాలు, పిప్పళ్లు, అల్లమే.

కొత్తగా వచ్చిన కాయకు మనవాళ్లు పాత ఘాటు పేరే పెట్టుకున్నారు. తెలుగులో మిరియం పక్కనే మిరప. తమిళంలో మిళగు అంటే మిరియం, మిళగాయ్ అంటే మిరపకాయ. కన్నడంలో మెణసు అంటే మిరియం, మెణసినకాయి అంటే మిరపకాయ. ఒడియాలో లంకా అన్నా, లంకామరిచ అన్నా అదే కాయ. అందులోని మరిచ మళ్లీ మిరియమే. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే మన పిల్లలకు ఈ చుట్టరికం ఒకరు చెప్పనక్కర్లేదు. రెండు పేర్లూ పక్కపక్కన రాసుకుంటే వారికే కనిపిస్తుంది.

పరాయి దేశం నుంచి వచ్చిన మొక్క ఐదు వందల ఏళ్లలో మన మన్నులో ఎన్నో రకాలుగా మారింది. కర్ణాటకలో హావేరి జిల్లా బ్యాడిగి మిర్చి ముడతలు పడిన తోలుతో, ముదురు ఎరుపు రంగుతో ఉంటుంది, కారం తక్కువ. తమిళనాడులో రామనాథపురం ముండు మిర్చి గోళీలా గుండ్రంగా ఉంటుంది. మహారాష్ట్రలో నాగపూర్ జిల్లా భివాపూర్ మిర్చికి పేరుంది. తెలుగు రాష్ట్రాల్లో గుంటూరు సన్నం సంగతి చెప్పనక్కర్లేదు, టమాటా ఆకారంలో ఉండే వరంగల్ చపాటా కూడా ఉంది. వీటన్నిటికీ భౌగోళిక గుర్తింపు లభించింది. ఎక్కడి రైతులు అక్కడ, తమకు నచ్చిన మొక్క నుంచి గింజ తీసి దాస్తూ రావడం వల్లే ఇన్ని రకాలు నిలిచాయి. మనం చేయబోయే పని కూడా అదే, చిన్న ఎత్తున.

నారు ఎప్పుడు పోయాలి?

మన ఊళ్లన్నిటికీ ఒకే పంచాంగం పనికిరాదు. సోలాపూర్, నాందేడ్, బళ్లారి, రాయచూరు వైపు తొలకరి పడగానే జూన్‌లో నారు పోసి జూలై చివర నాటుకోవచ్చు. చల్లగా ఉండే కోలారు, హోసూరు వైపు జూన్ సరే, ఎండలు ముదరకముందు జనవరి చివర కూడా వేసుకోవచ్చు. మదురై, విరుదునగర్ వైపు అసలు వానలు అక్టోబరు నుంచి కాబట్టి సెప్టెంబరులో నారు పోస్తే మంచిది. బరంపురం, యానాం లాంటి తీరపు ఊళ్లలో జూలై, ఆగస్టు వానలకు నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. అక్కడ కూడా సెప్టెంబరే మేలు. అలా వేసినవారికి ఎండుమిర్చి సంక్రాంతికి కాకుండా ఉగాది నాటికి వస్తుంది. తీరంలో అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం కనుక మొక్కకు ఊతకర్ర కట్టడం మరువకండి.

నారు పోయడానికి అడుగున చిల్లులు పెట్టిన పాత డబ్బా చాలు. మెత్తటి మట్టి, చివికిన పశువుల ఎరువు సమంగా కలిపి నింపండి. వేలి గోరంత లోతులో, గింజకూ గింజకూ రెండు వేళ్ల ఎడం ఉంచి వేయండి. వెచ్చగా ఉంటే వారం నుంచి రెండు వారాల్లో మొలకలు వస్తాయి. చలికాలంలో ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. మొలకలు వచ్చాక జరిగే పెద్ద నష్టం నారుకుళ్లు. కాండం నేలకు తగిలే చోట మెత్తబడి, నిలబడ్డ మొక్క రాత్రికి రాత్రి పడిపోతుంది. గింజలు ఒత్తుగా పోయడం, రోజూ మట్టి ముద్దయ్యేలా నీళ్లు పోయడం దీన్ని కోరి తెచ్చుకోవడమే. పైమట్టి ఆరిందని వేలితో చూసుకున్నాకే నీళ్లు చల్లాలి.

35 నుంచి 40 రోజుల నారును సాయంత్రం పూట నాటాలి. నేలలో అయితే మొక్కకూ మొక్కకూ ఒకటిన్నర నుంచి రెండు అడుగుల దూరం ఉండాలి. కుండీ అయితే కనీసం 12 అంగుళాల వెడల్పు, అంతే లోతు కావాలి, కుండీకి ఒకే మొక్క. మట్టి, చివికిన ఎరువు, ఇసుక లేదా కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి, గుప్పెడు వేపపిండి వేస్తే సరిపోతుంది. రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి. నీడలో మొక్క ఏపుగా కనిపిస్తుంది కానీ కాయదు.

పూత రాలిపోతుంటే

నాటిన ఐదారు వారాలకు తెల్లటి చిన్న పూలు తలలు వంచుకుని కనిపిస్తాయి. ఇక్కడే చాలామంది బెంబేలెత్తుతారు. ఉదయం చూసిన పువ్వు సాయంత్రానికి నేల మీద ఉంటుంది. పూసిన పువ్వులన్నీ కాయలు కావు, కొన్ని రాలడం సహజం. మరీ ఎక్కువగా రాలుతుంటే మూడు విషయాలు చూడండి. ఒకటి, వేడి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కగా ఉంటే పూత నిలవదు. రెండు, నీరు. నాలుగు రోజులు ఎండగట్టి ఐదో రోజు బిందెడు పోస్తే మొక్క పువ్వునే వదిలేస్తుంది. మూడు, ఎరువు. యూరియా లాంటి నత్రజని ఎరువు ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, పూత తగ్గుతుంది.

మిరప పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. గాలికి కదిలినా కాయ కడుతుంది, తేనెటీగ వస్తే ఇంకా బాగా కడుతుంది. గాలి ఆడని బాల్కనీలో పెంచేవారు ఉదయం పూట కొమ్మను మెల్లగా తట్టితే చాలు.

ఇక్కడ లెక్కల మాస్టారికీ పని ఉంది. ఒక కొమ్మకు దారం కట్టి, దాని మీద పూసిన పువ్వులు, నిలిచిన పిందెలు రోజూ పుస్తకంలో రాయించండి. 40 పువ్వులకు 14 పిందెలు నిలిస్తే ఎంత శాతం? ఎండలో పెట్టిన కుండీకి, సగం నీడలో పెట్టిన కుండీకి తేడా ఎంత? పిల్లలు తమ మొక్క మీద తామే తీసిన లెక్కను అంత తేలిగ్గా మరిచిపోరు.

ముడుచుకున్న ఆకు ఏం చెబుతోంది?

మిరప పెంచిన ప్రతి ఇంట్లోనూ ఎదురయ్యేది ఆకుముడత. పెద్దలు దీన్నే బొబ్బర తెగులు అంటారు. అయితే ముడతలన్నీ ఒకటి కావు. మందు గురించి ఆలోచించే ముందు ఆకు ఎటు ముడుచుకుందో చూడాలి.

ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే అది తామర పురుగుల పని. ఇవి దారపు ముక్కంత సన్నటి పురుగులు. లేత ఆకులను, పువ్వులను గీకి రసం పీలుస్తాయి. ఆకు కింద తెల్ల కాగితం పట్టి కొమ్మను రెండుసార్లు తట్టండి. కాగితం మీద కదిలే గీతల్లాంటివి పడితే అవే. 2021లో తెలుగు రాష్ట్రాల్లోనూ, కర్ణాటకలోనూ మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఈ జాతిదే. అది ఎక్కువగా పువ్వుల్లో చేరుతుంది.

ఆకు అంచులు కిందికి వంగి, బోర్లించిన దోనెలా అయి, కాడ సాగినట్టు కనిపిస్తే అది తెల్లనల్లి. ఇది మామూలు కంటికి ఆనదు. ఆకు అడుగున భూతద్దంతో వెతకాలి. నల్లికి ఎనిమిది కాళ్లుంటాయి, అంటే అది పురుగుల కుటుంబం కాదు, సాలీడు కుటుంబం. పురుగులను చంపే మందులు చాలా వాటికి నల్లి లొంగకపోవడానికి కారణం ఇదే. చూడకుండా మందు కొడితే డబ్బు పోతుంది, నల్లిని తినే మంచి పురుగులూ పోతాయి, నల్లి మాత్రం మిగులుతుంది.

ఆకులు చిన్నవైపోయి, ఈనెలు లావెక్కి, మొక్క ఎదుగుదల నిలిచి గుబురుగా అయితే అది వైరస్ తెగులు. దీన్ని తెల్లదోమ ఒక మొక్క నుంచి మరో మొక్కకు మోసుకొస్తుంది. దీనికి మందు లేదు. ఆ మొక్కను పీకేసి దూరంగా పూడ్చడమే మిగతా మొక్కలకు రక్ష. పీకేయాల్సిన ముడత ఇది ఒక్కటే. మిగతా రెండూ కోలుకుంటాయి.

తామర పురుగు, పేనుబంక, తెల్లదోమ కొద్దిగా ఉన్నప్పుడు ఆకు అడుగున తగిలేలా నీటిని గట్టిగా చిమ్మితే చాలా వరకు రాలిపోతాయి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు బాగా గిలక్కొట్టి సాయంత్రం వేళ చల్లాలి. ముందు ఒక కొమ్మ మీద చల్లి, ఆకు మాడలేదని మర్నాడు చూసుకున్నాకే మొత్తం మొక్కకు చల్లండి. వారానికి ఒకసారి, మూడు వారాలు చేయాలి. పసుపు రంగు జిగురు అట్టలకు తెల్లదోమ, పేనుబంక, నీలం అట్టలకు తామర పురుగు అంటుకుంటాయి. తెల్లనల్లి అయితే ముడుచుకున్న కొసలను తుంచి పారేసి ఇదే వేపనూనె వాడండి. ఇంకా ఎక్కువైతే నీటిలో కరిగే గంధకం పనిచేస్తుంది. అది పెద్దలే చేయాల్సిన పని.

పొలంలో కొట్టే ఘాటు మందులు పెరటి మొక్కకు వద్దు. ప్రతి మందుకూ కొట్టిన తర్వాత ఇన్ని రోజులు కాయ కోయకూడదని గడువు ఉంటుంది. పెరట్లో అమ్మ పప్పు పొయ్యి మీద పెట్టి రెండు కాయలు తుంచుకురమ్మంటుంది. ఆ గడువు ఎవరికి గుర్తుంటుంది? బడి తోటలో పిల్లల చేత ఏ మందూ కలిపించకూడదు, కొట్టించకూడదు.

కోయడంలో ఒడుపు

నాటిన 60 నుంచి 75 రోజుల్లో మొదటి కాయలు సిద్ధమవుతాయి. కాయ గట్టిపడి, నిగనిగలాడుతూ ఉంటే పచ్చిమిర్చిగా కోయవచ్చు. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని, రెండో చేత్తో ముచ్చికతో సహా పైకి వంచి తుంచాలి. కిందికి గుంజితే కొమ్మే విరుగుతుంది, మిరప కొమ్మ పెళుసు. పచ్చికాయలు వారం వారం కోస్తుంటే కొత్త పూత వస్తూనే ఉంటుంది. కాయలను మొక్క మీదే పండనిస్తే పూత తగ్గుతుంది. అందుకే రెండు మొక్కలు పచ్చిమిర్చికి, రెండు పండుమిర్చికి అని విడదీసుకోండి. పచ్చికాయ ఎరుపెక్కడానికి మరో మూడు నాలుగు వారాలు పడుతుంది.

పండుకాయలు బాగా ఎర్రబడ్డాక, మంచు ఆరిన తర్వాత కోసి, ఒకరోజు నీడలో కుప్పగా ఉంచి, తర్వాత శుభ్రమైన గుడ్డ మీద పలచగా ఎండబెట్టండి. మట్టి నేల మీద ఆరబోస్తే బూజు పడుతుంది. రాత్రి మంచు తగలకుండా కప్పాలి. చేత్తో పట్టుకుని ఊపితే లోపల గింజలు గలగలమనాలి. నాలుగు కిలోల పండుకాయలు ఎండితే సుమారు కిలో ఎండుమిర్చి అవుతుంది. రంగు పోయి తెల్లబారిన తాలుకాయలను, నల్లమచ్చ పడినవాటిని ఏరేయండి. బూజు పట్టినవి కారం పట్టించడానికి పనికిరావు.

కారం ఎక్కడుంది?

కారమంతా గింజలోనే ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గింజలను పట్టి ఉంచే తెల్లటి కండలో తయారవుతుంది. గింజకు దాని పక్కనుండటం వల్ల అంటుకుంటుంది. ఆ పదార్థం పేరు క్యాప్సైసిన్. అది నాలుకను కాల్చదు. వేడిని పసిగట్టే మన నాడులను తట్టి, మంట అంటుకుందని మెదడుకు కబురు పంపిస్తుంది. ఈ కబురందుకునే గ్రాహకాన్ని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో క్యాప్సైసిన్ సాయంతోనే గుర్తించింది. 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి ఆయన వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

పక్షుల్లోని గ్రాహకానికి ఈ కారం తెలియదు. అందుకే చిలుక మిరపపండును హాయిగా తింటుంది, గింజను దూరంగా తీసుకెళ్లి పారేస్తుంది. ఎలుక లాంటి జంతువు గింజను నమిలేస్తుంది కనుక దాన్ని కారం దూరంగా ఉంచుతుంది. మొక్కకు కారం ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇదే.

క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో, కొవ్వులో కరుగుతుంది. నోరు మండితే నీళ్ల కన్నా పెరుగు, పాలు మేలు. చేతులు మండితే ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి. మిరపకాయ తుంచిన చేత్తో కళ్లు నులుముకోకూడదని పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

గింజ దాస్తేనే పని పూర్తి

అన్నిటికన్నా బలంగా, తెగులు లేకుండా కాసిన మొక్కను ముందే ఎంచి, ఎర్రదారం కట్టండి. దాని కాయలు కూరకు కోయకండి. బాగా పండిన తర్వాత చీల్చి, చేతులకు తొడుగు వేసుకుని గింజలు తీసి, వారం రోజులు నీడలో ఆరబెట్టండి. వంచితే వంగకుండా పుటుక్కున విరిగే గింజ ఆరినట్టు. గాజుసీసాలో పోసి, మూత బిగించి, చల్లటి చీకటి చోట ఉంచితే రెండేళ్ల దాకా మొలుస్తాయి.

రెండు జాగ్రత్తలు అవసరం. దుకాణంలో కొన్న విత్తనం హైబ్రిడ్ అయితే, దాని గింజ నుంచి వచ్చే మొక్కలు తల్లిలా ఉండవు, ఒక్కోటి ఒక్కోలా కాస్తుంది. దాచుకోవాలంటే దేశవాళీ రకమో, హైబ్రిడ్ కాని రకమో తెచ్చుకోవాలి. రెండోది, తేనెటీగ. పక్కపక్కన రెండు రకాలుంటే పుప్పొడి కలుస్తుంది. బజ్జీ మిర్చి పక్కన కారం మిర్చి నాటితే ఈ ఏడాది బజ్జీ మిర్చికి కారం రాదు, కానీ దాని గింజ నుంచి వచ్చే ఏడాది మొలిచే మొక్కకు రావచ్చు. కలవకూడదంటే విచ్చుకోని మొగ్గలున్న కొమ్మకు పలచని గుడ్డ సంచి తొడిగి, రోజూ మెల్లగా తట్టి, పిందె పడ్డాక సంచి తీసి, ఆ కాయలకు దారం కట్టి గుర్తు పెట్టుకోండి.

సీసా మీద మిరప అని మాత్రమే రాస్తే వచ్చే ఏడాదికి అది ఏ మిరపో మీకే తెలియదు. రకం పేరు, గింజ ఎవరి ఇంటి నుంచి వచ్చింది, ఏ నెలలో నాటారు, ఏ నెలలో పండింది, కారం ఎంత, ఏ తెగులు వచ్చింది అన్నీ తెలుగులో రాసి అంటించండి. నాన్నమ్మనో, అమ్మమ్మనో అడిగి నారు, పాదు, పూత, పిందె, ముచ్చిక, తాలు లాంటి మాటలు ఆ చీటీలో వాడండి. ఇంట్లో పెద్దవాళ్లు ఇంకేదైనా మాట వాడితే అదే రాయండి. సోలాపూర్‌లో చెప్పే మాట బరంపురంలో చెప్పే మాట ఒకటి కాకపోవచ్చు, రెండూ తెలుగే.

సంక్రాంతి సెలవుల తర్వాత తరగతిలో ఒకరి గింజలు ఒకరు మార్చుకోండి. పది మంది పది గింజల చొప్పున తెస్తే బడికి పది ఇళ్ల మిరప వస్తుంది. విత్తే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి రెండు వారాలు ఉంచి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి. ఏడు మొలిస్తే ఆ సీసా మంచిదే. మూడే మొలిస్తే రెట్టింపు గింజలు పోయండి.